దారం కట్టిన డిజిటల్ కలం

ఆ రోజుకు ఇన్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి వృక్షశాస్త్ర విభాగం తాళం తీయాలి. మూడింటికి మొక్కల బొమ్మలు గీసే కొత్త ల్యాబు ప్రారంభోత్సవంలో చాయ్ అందించాలి. నాలుగింటికి విభాగం హెడ్డు వేదవతి మేడమ్ చేత తన కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. దారిలో అర కిలో బెండకాయలు కొనాలి. ఆ విశ్వవిద్యాలయంలో అతను పదకొండేళ్లుగా అటెండరు. ఏటా ఇదే నెలలో అతని ఉద్యోగం చచ్చిపోయి, మేడమ్ సంతకంతో మళ్లీ బతుకుతుంది.

ఈ పదకొండేళ్లలో ఆ విభాగంలో ఒక్క పెన్ను కూడా పోలేదు. పోవడానికి ఇన్నయ్య వీలివ్వలేదు. హాజరు పట్టీ పెన్నుకు పురికొస, స్టాప్లరుకు పురికొస, డస్టరుకు పురికొస, నీళ్ల గ్లాసుకు గొలుసు. ప్రొజెక్టరు రిమోటుకైతే పాలిథిన్ కవరు, దాని మీద రెండు రబ్బరు బ్యాండ్లు. అక్కడి ప్రొఫెసర్లకు మొక్కల గురించి ఎంత తెలుసో, ఇన్నయ్యకు ప్రొఫెసర్ల జేబుల గురించి అంత తెలుసు.

ముందురోజు సాయంత్రం మేడమ్ అతన్ని పిలిచి మూడు వస్తువులు చూపించింది: పలకంత తెర, దాని మీద బొమ్మలు గీసే తెల్లని కలం, గీసేటప్పుడు అరచేయి తెరకు తగలకుండా తొడుక్కునే నల్లటి గ్లౌజు.

"రేపు గ్రాంటు కమిటీ చైర్మన్ దేవేందర్ సార్ వస్తున్నరు. ఆయన చేత్తోనే మొదటి గీత. ఈ పెన్ను గిట్ల పోయిందనుకో, నీ సంతకం సంగతి మర్చిపో ఇన్నయ్యా."

కలాన్నీ గ్లౌజునూ గదిలో వదలడానికి ఇన్నయ్యకు మనసొప్పలేదు. చేతిరుమాల్లో చుట్టి మాణికేశ్వర్ నగర్‌లోని తన ఇంటికి తెచ్చుకున్నాడు. విప్పి చూస్తే గ్లౌజుకు చిటికెన వేలు, ఉంగరం వేలు మాత్రమే ఉన్నాయి. మిగతా మూడు వేళ్ల జాగా ఖాళీ.

అతని భార్య సోమమ్మ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఆమె గ్లౌజును తిరగేసి మరగేసి చూసింది.

"గిదేందయ్యా, మూడు వేళ్లు కుట్టుడే మర్చిండ్రు?"

"సర్కారు సామాను గట్లనే వస్తది. రేపు పెద్దసారు ముంగట మా డిపార్ట్‌మెంటు ఇజ్జత్ పోతది. జర నువ్వే చూడు."

"నల్ల గుడ్డ లేదు. జాకెట్ ముక్కలున్నయ్, నడుస్తదా?"

నడిచింది. తెల్లారేసరికి గ్లౌజుకు ఎర్రటి బొటనవేలు, చిలకపచ్చ చూపుడువేలు, నెమలికంఠం రంగు నడిమివేలు మొలిచాయి. నడిమివేలుకు అంచు జరీ కూడా వచ్చింది.

ఇక మిగిలింది కలం. దానికి క్యాపు లేదు, క్లిప్పు లేదు, పురికొస కట్టడానికి పట్టూ లేదు. గుండుసూదులకు కూడా లెక్క ఉండాలనే మనిషికి ఇది తయారీలో జరిగిన ఘోరమైన పొరపాటుగా తోచింది. పొద్దున్నే తార్నాక చౌరస్తాలో తాళంచెవులు చేసే లచ్చయ్య దగ్గరికి పోయాడు.

"తోక మీద చిన్న తొర్ర కొట్టు లచ్చన్నా. పురికొస పట్టేంత."

"ఖరీదు పెన్ను లెక్కున్నది. లోపట ఏమన్న ఉంటదేమోనే?"

"పెన్నుల ఏముంటది? సిరా ఉంటది. గది కిందుంటది, మనం కొట్టేది మీద."

లచ్చయ్య తల ఊపి కలాన్ని బిగించాడు. డ్రిల్లు బుర్రుమన్నది. తొర్రలోంచి రాగి వెంట్రుకలాంటిదొకటి బయటికి తొంగిచూసింది. లచ్చయ్య దాన్ని కటింగ్ ప్లేయరుతో తుంచేసి, "ఫినిషింగ్" అన్నాడు.

ఎలాగూ తార్నాక దాకా వచ్చాడు కనుక బెండకాయల పని కూడా ముగించాడు. కొస విరిచి చూడకుండా ఒక్క కాయ తెచ్చినా సోమమ్మ ఊరుకోదు. అందుకని ఒక్కో కాయా పటుక్కున విరిచి చూసి సంచిలో వేశాడు.

"అన్నీ ఇరిచినవ్. వండి తినిపియ్యాల్నా?" అన్నది బండామె.

మధ్యాహ్నం రెండింటికి జ్యోతిర్మయి ల్యాబుకు వచ్చింది. గడ్డిజాతుల మీద పరిశోధన చేస్తున్న పిల్ల. మూడేళ్లుగా కాగితం మీద గడ్డి గీసి, చెరిపి, మళ్లీ గీస్తున్నది. ఆ తెర కోసం అందరికంటే ఎక్కువ ఎదురుచూసింది ఆమే. బల్లకు పురికొసతో కట్టేసి ఉన్న కలాన్ని తీసి తెర మీద గీసింది.

"ఇన్నయ్యన్నా, గీత పడ్తలేదు."

"కొత్త పెన్ను గదమ్మా, ముందుగాల సతాయిస్తది. జర విదిలించి, గట్టిగ నొక్కి రాయి."

విదిలించబోతే తొర్ర కంటబడింది. "దీనికి ఈ తొర్రేంది?"

"నేనే కొట్టించిన," అన్నాడు ఇన్నయ్య, ఊరికి బోరింగు వేయించిన దాత గొంతుతో.

"అయ్యో అన్నా! లోపలంతా వైర్లుంటయ్. సంపేసినవ్ కదనే దీన్ని!"

 ఇన్నయ్య పొద్దుటి నుంచీ చేతిలోంచి వదలని బెండకాయల సంచిని బల్ల మీద పెట్టి కూలబడ్డాడు. తార్నాక అంతా తిరిగినా ఫోను కవర్లు దొరుకుతాయి గానీ ఈ కలం దొరకదు. ఆర్డరు పెడితే నాలుగు రోజులు. చైర్మన్ గారు వచ్చేది గంటలో.

"వేలుతోని గీపిస్తే కాదామ్మా?"

"'డిజిటల్ కలంతో తొలి గీత' అని కార్డులు అచ్చేసిండ్రన్నా."

పదకొండేళ్ల కొలువు ఇన్నయ్య కళ్ల ముందు తిరిగింది. ఈలోగా సంచి పక్కకు ఒరిగి, ఒక బెండకాయ దొర్లి తెర మీద పడింది. జ్యోతిర్మయి విసుగ్గా దాన్ని పక్కకు లాగింది. లాగిన మేర నల్లటి గీత పడింది.

ఇద్దరూ గీతను చూశారు. తర్వాత బెండకాయను చూశారు.

"విరిచిన కొస తడిగున్నది కదన్నా. మన వేలు లెక్కనే తెరకు తెలుస్తున్నది!"

బెండకాయ తింటే లెక్కలొస్తాయని చిన్నప్పుడు అందరూ ఊదరగొట్టారు గానీ, బొమ్మలు కూడా వస్తాయని ఇన్నయ్యకు ఎవరూ చెప్పలేదు. సంచిలోంచి వంకర లేని పొడుగు కాయను ఏరి తీశాడు. జ్యోతిర్మయి తన చపాతీలు చుట్టిన వెండి కాగితాన్ని దానికి నున్నగా చుట్టి, విరిగిన కొస మాత్రం బయటికి ఉంచింది. చూడడానికి అసలు కలం కంటే ఖరీదుగా కనిపించింది. ఇన్నయ్య అలవాటు కొద్దీ దానికి పురికొస కట్టాడు.

పది నిమిషాల ముందు మేడమ్ వచ్చింది.

"ఈ తాడేంది? గ్రాంటు ఇచ్చెటోళ్లను దొంగలనుకుంటున్నవా?" కత్తెర తీసుకుని తానే తెంపేసింది. "ఈ వెండి కాగితమేంది?"

"గీతలు పడకుంట కవరేసిన మేడమ్."

రిమోటును పదకొండేళ్లుగా చూస్తున్న మేడమ్ ఇంకేమీ అడగలేదు.

దేవేందర్ సార్ సరిగ్గా మూడింటికి వచ్చి, నాలుగున్నరకు ప్రసంగం ముగించారు. గ్లౌజును చూసి ముచ్చటపడ్డారు. "హ్యాండ్లూమా?" అని అడిగారు. మేడమ్‌కూ ఆ రంగులు అప్పుడే కనబడ్డాయి. అయినా గ్రాంటు ఇచ్చే మనిషి ఏది అడిగినా అవునని చెప్పడమే ఆమె అనుభవం. "లోకల్ ఆర్టిజన్స్, సార్!"

సార్ గ్లౌజు తొడుక్కుని, వెండి కలం పట్టుకుని గీశారు. గీత పడలేదు. మళ్లీ గీశారు. పడలేదు.  మేడమ్ నవ్వు ముఖం మీద అలాగే ఆగిపోయింది. ఆమె కళ్లు మాత్రం ఇన్నయ్య వైపు తిరిగాయి.

"గుడ్డ అడ్డమొస్తున్నదన్నా," జ్యోతిర్మయి గుసగుసలాడింది. "పెన్నుకు చెయ్యి తగలాలె."

కంపెనీవాడు ఆ మూడు వేళ్లు ఎందుకు పెట్టలేదో ఇన్నయ్యకు అప్పుడర్థమైంది. స్వీట్ల పళ్లెం ఖాళీ చేసి, అందులో కత్తెర పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని ముందుకు నడిచాడు.

"సార్, జర చెయ్యి ఇటియ్యుండ్రి." ఎరుపు, పచ్చ, నెమలికంఠం, మూడు వేళ్ల కొసలనూ కచకచా కత్తిరించాడు.

"రిబ్బన్‌కు బదులు గ్లౌజు కటింగ్! వాటే ఐడియా!" అన్నారు సార్. హాలు చప్పట్లతో మోగింది. ఈసారి గీత పడింది. ఆ ఊపులో ఆయన ఒక ఆకు, ఒక పువ్వు, తన సంతకం కూడా గీశారు.

"జారడం లేదు. కొంచెం జిగురుగా పట్టు కూడా ఉంది. చాలా నేచురల్ ఫీల్! ఎక్కడ తెప్పించారు?"

"తార్నాకలనే సార్. పొద్దుగాల తెచ్చిన, తాజాది," అన్నాడు ఇన్నయ్య. అబద్ధం అతనికి చేతకాదు.

ఇంకా పది తెరలు మంజూరు చేస్తానని సార్ అక్కడికక్కడే ప్రకటించారు. చాయ్ తాగారు. లేస్తూ, ఏళ్ల తరబడి అలవాటైన చేత్తో వెండి కలాన్ని తీసి చొక్కా జేబులో పెట్టుకుని కారు వైపు నడిచారు.

ఇన్నయ్య ఆ జేబును చూశాడు. బల్ల మీద తెగిపడిన పురికొసను చూశాడు. ఆ తర్వాత మేడమ్‌ను చూశాడు. ఆమె నేల చూపులు చూసింది.

"నేను తాడు కట్టిన మేడమ్."

"తెలుసు."

"కానీ పెన్ను పోలేదు." ఇన్నయ్య లోపలి జేబులోంచి తొర్ర పడ్డ తెల్ల కలాన్ని తీసి, జరిగిందంతా చెప్పాడు.

"మరి సార్ తీస్కపోయిందేంది?"

"బెండకాయ, మేడమ్."

మేడమ్ కుర్చీలో కూర్చుంది. నిజం చెబితే పది తెరలు పోతాయి. పెన్ను అడిగితే చైర్మన్ గారిని దొంగ అన్నట్టవుతుంది. ఇదంతా ఆలోచించి, "నీ కాగితం తే," అన్నది. సంతకం పెట్టి, కింద కొత్త బాధ్యత ఒకటి తన చేత్తోనే రాసింది: అతిథులు వచ్చినప్పుడు అన్ని కలాలనూ బల్లకు కట్టవలెను.

"ఇది నా కండ్ల ముంగట ఉంచకు. ఎటన్న తీస్కపో," అని తొర్ర కలాన్ని చేతిలో పెట్టింది.

అయిదో రోజున చైర్మన్ గారి ఆఫీసు నుంచి ఫోను వచ్చింది: కలం బాగున్నది గానీ వడలిపోయింది, ఛార్జింగు ఎట్లా పెట్టాలి అని. అసలు కలానికి మాత్రం ఆ బాధ లేదు. ఇప్పుడది సోమమ్మ దగ్గర లంగాలకు నాడాలు ఎక్కిస్తున్నది, తొర్ర సరిగ్గా నాడాకు సరిపోయింది.