ఆకుకొసపై దేవరాజులు దండయాత్ర

శ్రావణ మేఘమాలికలు నగరికొండ శిరస్సున కిరీటములై భాసిల్లుచుండ, మరమగ్గముల మహాఘోష దశదిశలను దద్దరిల్లజేయుచుండ, నూలుపోగుల పాలిటి ప్రభువును చీరంచు చిత్రలేఖన చతురుడునగు దేవరాజులు, భుజమున ఎర్ర తువ్వాలు ధరించి కొండకింది కంచెపైకి జైత్రయాత్ర వెడలెను.

కారణమేమందురా? కొత్త చీర అంచుకని గళ్లకాగితంపై అతడు గీసిన అడవినాభి పువ్వును చూచి, నిన్ననే ధర్మపత్ని భువనేశ్వరి పకపక నవ్వెను.

“తలకిందులుగా గీసినావేందయ్యా! రేకులు పైకి లేసి, కేసరాలు కిందుండే పువ్వు యాడన్నా ఉండాదా? పాత మామిడిపిందెలే ఏసేయ్.”

మామిడిపిందెలా! తాతలనాటి ఆ పిందెలు నేసి నేసి అతని ప్రాణము విసిగియుండెను. పువ్వును చూపి ఆమె నోరు మూయింపనిచో మళ్లీ అవే గతి.

వెంట బయలుదేరిన భువనేశ్వరి దారిలో పొరుగింటి చెంగమ్మతో ముచ్చటలాడుచు వెనుకబడగా, వీరుడు ముందే కంచె చేరెను. ఆహా! దుంపలో గరళము దాచుకొన్న ఆ వనసుందరికి ఉన్నదొక్కటే పువ్వు. అడుగున పసుపు, కొసన ఎరుపుగల ఆరు అలల రేకులు అగ్నిజ్వాలలై పైకెగసినవి. కేసరములు కిందుగా చుట్టును చేతులు చాపినవి. పువ్వు నడిమి సన్నకాడయగు కీలము మోచేయివలె వంగి పక్కకు చూచుచున్నది.

“ఓ అగ్నిశిఖా! నా గీతల సత్యమునకు నీవే సాక్షివి!” అని గర్జించి, విజయగర్వమున తువ్వాలు విదిల్చెను. అంతే, తీగ దానిని పట్టుకొనెను!

కాకరతీగకు వలె కణుపు దగ్గర నులితీగ ఉండునని వెదకెను. కాగితంపై గీసినదీ అట్లే. అక్కడేమియు లేదు. లాగెను. తీగ వంగెను, పువ్వు గడగడ వణికెను. అది రాలెనా, సాక్ష్యము రాలినట్లే!

“ఓరీ అదృశ్య శత్రూ! ధైర్యమున్నచో ఎదుటికి రమ్ము!”

“ఆకులతో కొట్లాటేందయ్యా?” అని దూరమునుండి భువనేశ్వరి కేక వేసెను. “లాగొద్దు! సిక్కు పడితే కొస గదా ఎతకాల!”

మగ్గమెరిగిన ఆ మాటకు దేవరాజులు వేళ్లు మేల్కొనెను. కొస వెదకెను. ఔరా! ఆకుకొసయే సన్నగా సాగి, నులితీగయై, తువ్వాలును ఉంగరమువలె చుట్టుకొనియున్నది! ఊపిరి బిగబట్టి, మెలిక వెంట మెలిక విప్పెను.

భువనేశ్వరి వచ్చి పువ్వును తేరిపార చూచెను. “నిజమేనయ్యా, రేకులు పైకే ఉండాయి. ఎంత బాగుండాదో! కానీ నులితీగ ఆకుకొసన గదా ఉండాది, నువ్వు కణుపుకాడ గీసినావే?”

“ఇంటికి పోతానే మారుస్తా మే,” అని వీరుడు తల గోకుకొనెను.

జయము! జయము! మామిడిపిందెలు ఓడెను, పువ్వు గెలిచెను. ఆ ఘోరసమరమున తువ్వాలు పోగొక్కటి మాత్రము వీరస్వర్గము నలంకరించెను.