చార్జి అప్పగించిన అడ్మిన్

మా ఇంట్లో నా మాట చెల్లడం లేదన్న అనుమానం నాకు ఎప్పట్నుంచో ఉంది. అనుమానం కాస్తా ఖాయమైంది మాత్రం ఈ సర్వర్ పెట్టాకే. కూర్చోండి, చెప్తాను. నవ్వారంటే మాత్రం లేచిపోతాను.

నేను స్టీల్ ప్లాంటులో క్రేన్ల మెయింటెనెన్సులో పనిచేస్తాను. షిఫ్టు డ్యూటీ. అక్కడ నేను ఒక చెయ్యి ఎత్తితే క్రేను ఆగుతుంది. ఇంట్లో రెండు చేతులూ ఎత్తినా మిక్సీ ఆగదు. టీవీ రిమోట్ మా ఆవిడ ఆశాజ్యోతిది, ఏసీ రిమోట్ కూడా ఆవిడదే. నా వంతుకి గీజరు స్విచ్ వచ్చింది. అదీ వెయ్యడం వరకే, ఎప్పుడు ఆపాలో ఆవిడ చెప్తుంది.

అలాంటి రోజుల్లో మా షిఫ్టు తాతబాబు ఒక ఆట పట్టుకొచ్చాడు. జాలరిపేట మనిషి. వాళ్ళ నాన్నా అన్నలూ ఇప్పటికీ వేటకెళ్తారు. పడవెక్కితే కడుపులో తిప్పుతుందని వీడొక్కడే ప్లాంటులో చేరాడు.

"బావా, దిమ్మల మీద దిమ్మలు పేర్సి ఇల్లు కట్టుకోడమే. తలం ఫ్రీ, ఇసక ఫ్రీ, పెళ్ళాం సలహాలుండవు" అన్నాడు.

ఆ చివరి మాటకి షిఫ్టు మొత్తం చేరిపోయింది. అయితే అందరూ ఒకే ఊళ్ళో కట్టుకోవాలంటే ఆ ఊరు ఎవరో ఒకరి కంప్యూటర్లో ఉండాలి. దాన్ని సర్వర్ అంటారు. దాన్ని నడిపేవాడు అడ్మిన్. నచ్చినవాణ్ణి రానిస్తాడు, నచ్చనివాణ్ణి గెంటేస్తాడు. ఆ మాట వినగానే అటక మీదున్న నా పాత కంప్యూటర్ దించేశాను.

సెలవురోజు పొద్దున్నే కూర్చున్నాను. ఆశాజ్యోతి వెనక నించుని చూస్తోంది.

"ఏటి సేత్తన్నారు?"

"పోర్టు ఓపెన్ సేత్తన్నాను."

"మా నాన్న పోర్టులోనే రిటైరయ్యాడు. ఆయన్నే గేటు తియ్యనివ్వలేదు, మిమ్మల్ని తియ్యనిత్తారేటి?"

"ఆ పోర్టు కాదే. బయటోళ్ళు మన సర్వర్లోకి రాడానికి దారి."

"మరా గడిలో ఏటి రాత్తన్నారు?"

"మెమరీ. సర్వర్‌కి ఎంతిత్తావని అడుగుతంది."

"మీకే లేదు, దానికేటిత్తారు? నిన్న కొత్తిమీర తెమ్మంటే కొబ్బరికాయ తెచ్చారు."

అప్పుడే తెర మీద సర్వర్‌ని నడిపే ప్యానెల్ తెరుచుకుంది. పచ్చరంగు స్టార్ట్, ఎర్రరంగు స్టాప్. కింద మనుషుల పేర్లు, ఒక్కొక్కరి పక్కన ఏ అధికారం ఇస్తావని అడిగే గళ్ళు. ఇన్నేళ్ళ సంసారంలో నన్ను ఇంత మర్యాదగా ఎవరూ ఏదీ అడగలేదు. నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమర్చాయి.

ఊరు లేచింది. మధురవాడలో రెండు గదుల ఫ్లాటుకి కూడా ఆయాసపడేవాళ్ళం, అందరం సముద్రం ఎదురుగా మేడలు కట్టేశాం. ఒక్క మేడలోనూ వంటిల్లు లేదు. ఎవరికీ తోచలేదు మరి.

చిక్కల్లా ఏమిటంటే, సర్వర్ ప్లగ్గు పెట్టిన చోటే మిక్సీ ప్లగ్గు పెట్టడం ఆవిడకి అలవాటు. పచ్చడి నూరినప్పుడల్లా ఊరంతా ఆగిపోయేది. ప్లాంటులో అలవాటు ప్రకారం స్విచ్ దగ్గర ఎర్రబోర్డు తగిలించాను: "మనుషులు పనిలో ఉన్నారు. స్విచ్ వేయరాదు." మర్నాడు మళ్ళీ ఊరు ఆగింది.

"బోర్డు సదవలేదేటే?"

"సదివాను. వెయ్యొద్దనుంది. నాను వెయ్యలేదు, తీసాను."

ప్లాంటులో కరెంటు వేస్తేనే మనిషి పోతాడు, అందుకని బోర్డులన్నీ అలాగే ఉంటాయి. ఆ సంగతి ఆవిడకి విడమరిచి చెప్పేలోపు పచ్చడి కూడా అయిపోయింది.

అప్పుడు నాకో పథకం తట్టింది. ఆవిడకీ ప్యానెల్లో ఒక పేరు ఇస్తే, లోపల మనుషులున్నారని కళ్ళారా చూసి స్విచ్ జోలికి రాదు కదా! 'చూడ్డం' అన్న ఒక్క గడిలో టిక్కు పెట్టి ఇచ్చాను. పథకం పారింది. మిక్సీ వంటగది గట్టు మీదికి వెళ్ళింది. నా అంత తెలివైనవాణ్ణి నేనే చూడలేదనుకున్నాను.

మిగతా షిఫ్టులవాళ్ళూ ఊళ్ళోకి వచ్చి చేరారు. నేను మధ్యాహ్నం బి షిఫ్టులో ఉంటే ఫోను లాకర్లో ఉంటుంది. అప్పుడే సర్వర్ పడిపోయి ఊరు ఆగిపోయేది. ఇంటికొచ్చేసరికి ఫోన్నిండా తిట్లు. ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. తర్వాతి షిఫ్టుకొచ్చే రిలీవరుకి చార్జి అప్పగించకుండా ఎవడూ సీటు వదలడు. నా రక్తంలో ఇంకిపోయింది. ఓ రోజు హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఆశాజ్యోతి పేరు పక్కనున్న గళ్ళన్నిటికీ టిక్కులు కొట్టేశాను.

"చార్జి అప్పగిత్తన్నాను. జాగర్త" అన్నాను గంభీరంగా.

"అలాగేనండి" అంది. ఆ వినయం చూసైనా నాకు భయం వెయ్యాల్సింది.

మర్నాడు ఆటలో అందరికీ కనపడేలా ఒక ప్రకటన పడింది: "తాతబాబు గారూ, గ్యాస్ బండ వచ్చిందని మీ ఈశ్వరి ఫోన్ చేసింది. వెళ్ళి దించండి." వాడు వంతెన సగం కట్టి ఉన్నాడు. "ఒక్క నిమిషం అక్కా" అన్నాడు. ఆ నిమిషం పూర్తికాకుండానే ఊరవతల ఉన్నాడు.

ఆ కబురు ఈశ్వరి షిఫ్టువాళ్ళ పెళ్ళాలందరికీ చేరవేసింది. ఇక చూడండి. కూరలు తేనివాడు గెంటివేత. పిల్లల్ని ట్యూషన్ నుంచి తీసుకురానివాడు గెంటివేత. వంటిల్లు లేని మేడలకి అనుమతి లేదని రూలు. ఇనుము కరిగించే మొనగాళ్ళంతా ఆటలో కూచుని గ్యాసు గట్లు కట్టారు.

అంతకన్నా అన్యాయం ఏమిటంటే, సర్వర్ పడిపోవడం మానేసింది. ఎవరూ లేని వేళ చూసి రోజూ ఒకసారి దానంతటదే రీస్టార్ట్ అయ్యేట్టు పెట్టిందట. "అక్కొచ్చాక ఊరు బాగుపడింది బావా" అన్నాడు తాతబాబు. నన్నే, నా మొహం మీదే.

చివరికి నాకే పడింది. బాల్కనీ కడుతుంటే తెర నల్లబడి, "మీరు తొలగించబడ్డారు. కారణం: చెత్తబండి వచ్చింది" అని అక్షరాలు పడ్డాయి. నా కంప్యూటర్, నా కరెంటు, నా ఊరు! బకెట్ పట్టుకుని మెట్లు దిగుతూ తిరుగుబాటు నిశ్చయించుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడా ఈశ్వరీ వన్ టౌన్ హోల్‌సేల్ కొట్లకి వెళ్ళారు. నేను ప్యానెల్ తెరిచాను. 'రీఇన్‌స్టాల్' అని ఒక ఎర్ర బటన్ కనిపించింది. మొదటిరోజుకి వెళ్ళిపోతుంది, అప్పుడు నేనొక్కణ్ణే అడ్మిన్ని కదా అనుకుని నొక్కాను. "ఫైళ్ళు పోవచ్చు, సరేనా?" అంది. ఫైళ్ళు ఆఫీసులో కదా ఉంటాయి, సరే అన్నాను.

మొదటిరోజుకి వెళ్ళిపోయింది. మేడల్లేవు, వంతెన లేదు, గ్యాసు గట్లు కూడా లేవు. ఉత్త సముద్రం. ఆశాజ్యోతి పేరు మాత్రం పక్కన టిక్కులన్నిటితో చెక్కుచెదరకుండా ఉంది.

అప్పుడే తాతబాబు ఫోను. "బావా, సాయంత్రం మా అయ్యకి నా ఇల్లు సూపిత్తాను. 'కొడుకు మేడ కట్టాడంట' అని పేటంతా సెప్పుకున్నాడు. తెల్లసొక్కా ఏసుకుని కూకున్నాడు."

ముసలాయన తెల్లచొక్కా తలుచుకుంటే ఏడుపొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడ్చాను కూడా.

ఆశాజ్యోతి సంచుల్తో వచ్చింది. నన్నూ తెరనీ మార్చి మార్చి చూసింది.

"ఏటయింది?"

చెప్పాను.

"ఊరు తిరిగొత్తే ఏటిత్తారు?"

"ఏదైనా ఇత్తాను."

"నాకేటీ వద్దు. ఓనరని మీ పేరున్న చోట నా పేరు రాయండి. మీకు చూడ్డం గడి ఉంచుతాను."

రాశాను. 'సేవ్' నొక్కాక ఆవిడ కుర్చీలో కూర్చుని, ఎడమపక్క 'బ్యాకప్‌లు' అన్న పేజీ తెరిచింది. రోజువారీ కాపీలు వరసగా ఉన్నాయి. ఒకదాని పక్కన 'రీస్టోర్' నొక్కింది. మేడలన్నీ లేచి నించున్నాయి.

"రేపటికి తోడు ఉంచకుండా పెరుగంతా తినేసే ఇల్లేటి మనది?" అంది.

ఆ పేజీ, ఆ బటన్ మొదట్నుంచీ నా ప్యానెల్లోనే ఉన్నాయి. నేనే ఎప్పుడూ తెరవలేదు. పది నిమిషాల కిందట నేనే నొక్కుకుని ఉంటే సరిపోయేది. ఉన్న ఒక్క రాజ్యాన్నీ ఒక బటన్‌కి రాసిచ్చేశాను.

పైగా ఆవిడ అందరికీ ప్రకటన పెట్టింది: "సర్వర్ పాడైంది. మా ఆయన కష్టపడి మీ ఇళ్ళు నిలబెట్టారు." తిట్టినా బాగుండేది.

సాయంత్రం తాతబాబు మళ్ళీ ఫోన్ చేశాడు. "నువ్వు దేవుడివి బావా! మా అయ్య మేడ సూసి మురిసిపోయాడు. ఇంటి ముందు ఓ పడవ కట్టుకోమంటన్నాడు. అడ్మినువి, నువ్వు పర్మిషన్ ఇత్తే సాలు."

"ఆలోసించి సెప్తాను" అన్నాను ఠీవిగా. ఫోను అరచేత్తో మూసి వంటగదిలోకి వెళ్ళి పడవ సంగతి చెప్పాను.

ఆశాజ్యోతి పొయ్యి మీంచి తల తిప్పలేదు. "పడవ ఏమాత్రం ఉంటాదంట?"

"పెద్దదేనంట."

గట్టు మీదున్న వెల్లుల్లిపాయలన్నీ నా వైపు తోసింది. పీట వాల్చుకుని ఒలవడం మొదలెట్టాను.