తల ఒక్కటీ చాలు

ఆ ఆదివారం పొద్దున్న నెగటివుగారి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ఒకే ఒక్క ఫోటో ప్రింటు తీసి, బాత్రూమును మళ్ళీ ఇంట్లోవాళ్ళకు అప్పగించెయ్యాలి. సాయంత్రం బస్సుకు అక్క వస్తుంది. ఆ ఫోటో ఆవిడ చేతిలో పెట్టి, ఆవిడ ముఖం చూడాలి. అంతే.

ఆయన అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తుండేది కాదు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళూ, ఏ కాగితం చేతికిచ్చినా ముందు వెలుతురుకెత్తి చూసి, ఆ తర్వాత చదివేవారు. ఉద్యోగం రాకముందు ఫోటో స్టూడియో చీకటిగదిలో పనిచేసిన అలవాటది. తోటివాళ్ళు 'నెగటివు' అని పేరు పెట్టారు. రిటైరయ్యే రోజున మర్యాదకు ఒక 'గారు' తగిలించి పంపారు.

ఎక్కడో స్టూడియో మూసేసి సామాను అమ్మేస్తున్నారని తెలిసి, ఆయన పరుగున వెళ్ళి ఎన్లార్జరు కొనుక్కొచ్చారు. చిన్న ఫిల్ము మీది బొమ్మను కాగితం మీద పెద్దదిగా వేసే యంత్రం అది. నిలువుగా ఒక ఇనప కడ్డీ, దానికి వేలాడే బుర్ర, బుర్రలో బల్బు, బల్బు కింద లెన్సు. ఆటోలో ఒళ్ళో కూర్చోబెట్టుకుని, మలుపు వచ్చినప్పుడల్లా దాని బుర్రకు చెయ్యి అడ్డం పెడుతూ ఇంటికి చేర్చారు.

"ఇదేంటండీ, పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి ఎత్తుకొచ్చారా?" అంది భార్య.

"ఇదీ నేనూ ఒకే ఈడువాళ్ళం."

"అయితే ఇద్దరికీ వరండాలోనే పక్క వేస్తా. ఫోన్ల కొట్టువాడికిస్తే చిటికెలో పెద్దది చేసిచ్చేవాడు కదా!"

"చిటికెలో వచ్చేది మా అమ్మ కాదు," అన్నారు ఆయన.

నిజమే. ఆవిడ అంత తేలిగ్గా దొరికే మనిషి కాదు. కెమెరా కనిపిస్తే వంటింట్లోకి మాయమయ్యేది. పోయాక చూసుకుంటే ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదు. ఒకే ఒక్కసారి, ఎవరిదో పెళ్ళిలో, స్టూడియో కెమెరా అరువు తెచ్చి, అందర్నీ వరసగా నిలబెట్టి, అమ్మను బతిమాలి చివర నిలబెట్టారాయన. ఆ ప్రింటు చెదల పాలైంది. నెగటివు మాత్రం మిగిలింది. అందులో అమ్మ తల అగ్గిపుల్ల తలంత.

ఇంట్లో చీకటి చెయ్యగలిగిన గది బాత్రూమొక్కటే. కిటికీకి దుప్పటి, పైన ఎర్ర బల్బు, కమోడు మీద చెక్కపలక, పలక మీద ఎన్లార్జరు, నేల మీద మందునీళ్ళ ట్రేలు. పళ్ళు తోముకుందామని వచ్చిన భార్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈ ఇంట్లో నేనుండాలో అది ఉండాలో తేల్చుకోండి!"

"ఈ ఒక్కపూట నువ్వు నా కళ్ళబడకుండా ఉంటే చాలు!"

ఆవిడ సంచీ తీసుకుని, వీధి తలుపు దగ్గరగా వేసి, బజారుకు వెళ్ళిపోయింది. పక్కింటి కాంపౌండరుగారు గడ్డం గీసుకుంటూ మాటలన్నీ విన్నారు. ఆవిడ వెళ్ళడం మాత్రం చూడలేదు.

సాయంత్రం రావలసిన అక్క, తెలిసినవాళ్ళ కారు దొరికిందని పొద్దున్నే దిగింది. "మరదలా!" అని పిలిస్తే పలుకు లేదు. బాత్రూములోంచి తమ్ముడి గొంతు మాత్రం వినిపించింది. చీకట్లో చేసే పని పైకి చెప్పుకుంటూ చెయ్యాలని స్టూడియో యజమాని ఆయనకు నేర్పాడు. చెప్పుకోకపోతే ఏ చెయ్యి ఏ మందులో ముంచామో తెలియదట.

"మెడ కింద కోసేద్దాం," అంటున్నారు లోపల. "ఒళ్ళెందుకు? తల ఒక్కటీ చాలు."

అక్క చేతిలో సంచీ జారిపోయింది.

"ఊఁ... మునగాలి. బాగా మునగాలి. పైకి తేలకూడదు."

అక్క పెట్టిన కేకకు కాంపౌండరుగారు సగం గడ్డంతోనే వచ్చారు. తలుపు దగ్గర ముక్కు ఎగబీల్చారు. కింది సందులోంచి ఎర్రటి వెలుగు కాళ్ళ మీద పడింది.

"యాసిడ్ వాసనమ్మా. ఆస్పత్రిలో జుట్టు నెరిసినవాణ్ణి, నాకు తెలీదా? పొద్దున్నే ఇద్దరూ గట్టిగా అనుకున్నారు. తర్వాత ఆవిడ గొంతు వినలేదు."

"ఒరేయ్ తమ్ముడూ! తలుపు తియ్!"

"అక్కా! అప్పుడే వచ్చేశావా? ఇప్పుడు తియ్యకూడదు, కొంప మునుగుతుంది!"

"మరదలేదిరా?"

"పంపించేశానక్కా, అడ్డం లేకుండా! ఒక్క క్షణం ఆగు, ముఖం తేలుతోంది!"

కాంపౌండరుగారు ఇక ఆగలేదు. భుజంతో ఒక్క తోపు తోశారు. తుప్పు పట్టిన మడతబందులు ఊడి, తలుపు, దాని మీద ఆయనా లోపలికి పడ్డారు. నెగటివుగారు కాగితాన్ని బొమ్మ చెరగకుండా నిలబెట్టే హైపో నీళ్ళలోకి తోసి, కోడి పిల్లల్ని కప్పుకున్నట్టు ట్రే మీద వాలిపోయారు. అక్క చంకలోని గొడుగు తీసి ఎత్తి నిలబడింది.

"వదినా, ఎప్పుడొచ్చారు?" వెనక నుంచి కూరల సంచీతో మరదలు. "ఇదేంటి, అన్నయ్యగారు మా తలుపు మీద పడుకున్నారేం?"

నెగటివుగారు తడి కాగితాన్ని ట్రేలోంచి తీసి, మంచినీళ్ళలో కడిగి, రెండు చేతులతో అక్క ముందు పట్టుకున్నారు. వెలుతురు తగిలి అంచులు కాస్త బూడిదరంగుకు తిరిగినా ముఖం నిలిచింది.

"అమ్మ," అన్నారు.

అక్క కళ్ళజోడు తుడుచుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మ కాదురా పిచ్చి నాయనా. నేను! అమ్మ పోలిక నాది."

"నేను చివర నిలబెట్టింది అమ్మనే!"

"నిలబెట్టావు. నువ్వు బటన్ నొక్కేలోపే నన్ను ముందుకు లాగి, తను వెనక దాక్కుంది." అక్క వేలితో కాగితం కింది అంచు చూపించింది. భుజం మీద నాలుగు వేళ్ళ కొసలున్నాయి. "ఇదిగో అమ్మ. మిగతా చెయ్యి నువ్వు కోసేశావు. కదిలిపోతానేమో అని ఎంత గట్టిగా పట్టుకుందో! నొప్పెట్టింది కూడా." మాట్లాడుతూనే ఆవిడ తన భుజం తడుముకుంది.

నెగటివుగారు ఆ వేళ్ళ వైపే చూస్తూ కాగితాన్ని తాడుకు తగిలించారు. తర్వాత తలుపు లేని గుమ్మం వైపు దిగాలుగా చూశారు. "ఈసారి చెయ్యి మొత్తం వచ్చేలా తీద్దును. చీకటేది?"

ఎన్లార్జరును వరండాకు పంపుతానన్న భార్య, కూరల సంచీ పక్కన పెట్టి, మంచం మీది మందపాటి రగ్గు లాక్కొచ్చింది. "వదినా, ఆ కొస పట్టుకోండి. అన్నయ్యగారూ, కింద వెలుగు రాకుండా మీరు అడ్డం కూర్చోండి." వదినామరదళ్ళు గుమ్మానికి చెరోవైపు చేతులెత్తి నిలబడ్డారు. కాసేపటికి లోపలి నుంచి మాటలు వినిపించాయి.

"వేళ్ళు వచ్చాయి... మణికట్టు వచ్చింది... గాజులు, అక్కా, గాజులు కూడా వచ్చాయి!"

రగ్గు పట్టుకున్నవాళ్ళ చేతులు లాగేస్తున్నాయి. అయినా ఎవరూ దించలేదు.

వడ్రంగి వచ్చి కొత్త తలుపు బిగించేదాకా, ఆ ఇంట్లో రగ్గు చాటున స్నానానికి వెళ్ళినవాళ్ళందరూ బయటికొచ్చేదాకా గట్టిగా పాడుతూనే ఉండవలసి వచ్చింది.