నక్షత్రాల షట్‌డౌన్‌కి పర్మిట్ ఎవరిచ్చారు?

విశ్వంలోని అనేక గెలాక్సీలలో నక్షత్రాల తయారీ ముందస్తు అనుమతి లేకుండా నిలిపివేయబడినట్లు కాసిడీహ్‌లోని ఉక్కునగర ఆంధ్ర సమితి దృష్టికి వచ్చిందని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

ఈ అన్యాయం ఎప్పటినుంచో సాగుతోందట. మాకు మాత్రం సమితి వార్షికోత్సవం నాడు, టిఫినుకు ముందు తెలిసింది. తెలుగు నేలకి దూరంగా, హిందీ మాట్లాడే ఈ ఉక్కు ఊళ్లో కొలిమి వెలుగు పుణ్యమా అని నక్షత్రాలు సరిగ్గా కనబడవు. అంచేత వాటి విషయంలో మా అంత నిష్పక్షపాతంగా విచారణ జరపగలవాళ్లు దేశంలో ఇంకొకరుండరు. నేను సమితి సహాయ కార్యదర్శిని. మినిట్స్ రాసేది నేనే కాబట్టి జరిగినదంతా నాకు తెలుసు, జరగనిది ఇంకా బాగా తెలుసు.

ఆ రోజు ముఖ్య అతిథి డాక్టర్ ఇంద్రజ. మా ఊరి భాలుబాసా పేటలోనే పుట్టిన పిల్ల, ఇప్పుడు గెలాక్సీల మీద పరిశోధన చేస్తోంది. "చల్లటి వాయువు ఒకచోట కుదురుకుంటేనే కొత్త నక్షత్రం పుడుతుంది," అని మొదలుపెట్టింది. "పెద్ద గెలాక్సీల్లో చాలాసార్లు ఆ పుట్టుక ముందు నడిమధ్యలో ఆగిపోతుంది. అంచుల్లో ఇంకొంతకాలం సాగుతుంది. మధ్యలో వాయువు లేక కాదు. అక్కడున్న కృష్ణబిలం దాన్ని వేడెక్కించి కుదురుకోనివ్వదు. బయటినుంచి కొత్త వాయువు రావడం కూడా ఆగితే అంచులూ ఆరిపోతాయి. చివరికి మిగిలేవి ఎర్రబడ్డ పాత నక్షత్రాలే."

ఎర్రబడ్డ అన్న మాటకి సభ లేచి చప్పట్లు కొట్టింది. మా ఊళ్లో ఎరుపంటే ఉత్పత్తి. ఎర్రగా ఉన్నది నడుస్తున్నట్టు, నల్లబడ్డది చల్లారినట్టు. ఈ మాత్రం తెలియకుండా ఆ అమ్మాయికి డాక్టరేటు ఎలా ఇచ్చారో అని ముందు వరుసలోని రిటైర్డ్ ఇంజనీర్లు జాలిపడ్డారు.

అప్పుడు అధ్యక్షులు అనంతకృష్ణగారు మైకు అందుకున్నారు. ఆయన ఉద్యోగమంతా బ్లాస్ట్‌ఫర్నేస్ దగ్గరే చేశారు. రిటైరైన మర్నాడు సమితి అధ్యక్షులయ్యారు. మా సమితిలో ఎన్నికలు క్రమం తప్పకుండా వాయిదా పడుతుంటాయి గనక ఇప్పటికీ ఆయనే అధ్యక్షులు.

"సోదర సోదరీమణులారా! ముప్పై ఏళ్లు వేడిగాలి ఊది ఇనుము తీసినవాణ్ణి నేను. చల్లటి వాయువుతో ఉత్పత్తి అంటే నమ్మమంటారా? అది అటుంచండి. అసలు షట్‌డౌన్ ఎవరు తీసుకున్నారు? పర్మిట్ ఏదీ? సంతకం ఎవరిది?"

"అంకుల్, వాటిని ఎవరూ ఆపలేదు. అవే ఆగిపోయాయి," అంది ఇంద్రజ.

"చూడమ్మా, ప్లాంటులో దానంతటదే ఆగిపోయింది అన్నవాణ్ణి ముందు సస్పెండ్ చేస్తాం. తర్వాత విచారణ."

విచారణ సంఘం అక్కడికక్కడే ఏర్పడింది. సభ్యులందరూ అనుభవజ్ఞులు. ఎంత అనుభవజ్ఞులంటే, నోట్లో పళ్లున్నవాడు సంఘంలో నేనొక్కణ్ణే. కాలయాపన చేయరాదని తీర్మానించి, నాలుగు సమావేశాలు అల్లం టీ మీద గడిపి, కింది విషయాలు తేల్చాం. నక్షత్రాల్లో క్రమశిక్షణ లోపించింది. వాయువులో వేడి చాలలేదు. కేంద్రం అనుమతి లేకుండా అంచుల్లో నక్షత్రాలు తయారవుతున్నాయి, ఇది తీవ్రమైన అవిధేయత. వాయువు వేడెక్కడం కోసం ప్రతి ఆదివారం సమితి హాల్లో అదనంగా రెండు ఉపన్యాసాలు పెట్టించాం. దాంతో వచ్చే జనం కూడా రావడం మానేశారు. గాలి బాగా ఆడుతోందని సంఘం సంతృప్తి వెలిబుచ్చింది.

ఒకరోజు అధ్యక్షులు నన్ను పక్కకి పిలిచారు. "ఆ మధ్యలో ఉంటుందే, కృష్ణబిలం. అంతా దాని చుట్టూనే తిరుగుతుందటగా?" అన్నారు. అవునన్నాను. "లోపలికి వెళ్లింది ఏదీ తిరిగి రాదటగా?" దానికీ అవునన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. మధ్యలో కూర్చున్నవాడి బాధ్యత ఎలాంటిదో ఇంద్రజ ఒక్కతే అర్థం చేసుకుంది అన్నారు.

సరిగ్గా ఈ సమయంలో నది అవతలి మాంగో పేట నుంచి కల్యాణి అనే ఆవిడ వచ్చింది. ఆమె భర్త పైడిబాబు ప్లాంటులో ఠేకా వెల్డరు, అంటే కాంట్రాక్టు పనివాడు. అక్కడ ఒక డాబా మీద ఠేకా కుటుంబాలవాళ్లంతా సాయంత్రాలు తెలుగు నాటకం సాధన చేస్తున్నారట. మాంగో వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన పెళ్లికొడుకు కథ. రాసింది కల్యాణే. సమితి స్టేజీ మీద కొత్త నాటకం పడి చాలాకాలమైంది. ఏటా అధ్యక్షుల సతీమణి కుసుమకుమారిగారు పాడే పాట ఒక్కటే కొత్తగా ఉండేది, ఆవిడ ఏటా దాన్ని కొత్త రాగంలో మరిచిపోయేవారు.

"బాబూ, ఒక్క సాయంత్రం స్టేజీ ఇత్తే సాలు," అంది కల్యాణి. "నెలాఖరుకి ఠేకా అయిపోద్ది. సగం మంది రూర్కెలా ఎల్లిపోతారు. మల్లీ ఈ జనం దొరకరు. మా సోనీకి తెలుగు రాదు బాబూ, ఏటడిగినా హిందీలోనే సెప్తది. ఈ నాటకం కోసం మాటలన్నీ నేర్సుకుంది. ఆ పెద్ద స్టేజీ మీదే ఆడతానని కూకుంది."

సోనీ పదేళ్ల పిల్ల. తల్లి కొంగు పట్టుకుని స్టేజీ వైపే చూస్తోంది.

అధ్యక్షులు సానుభూతితో విన్నారు. ఆయన సానుభూతితో విన్నారంటే పని కానట్టే. "అమ్మా, సంతోషం. కానీ మీరిది ఎక్కడ తయారుచేశారు? అంచున. ఎవరి అనుమతితో? సరిగ్గా ఇదే అంశం మీద విచారణ నడుస్తోంది. అది తేలేదాకా ఉత్పత్తి స్థలాన్ని ముట్టుకోకూడదు," అని లేచి, స్టేజీ తలుపుకి తాళం వేసి, తన పేరు రాసిన ఎర్ర ట్యాగు తగిలించారు.

ఎర్ర ట్యాగంటే ఏమిటో మా ఊళ్లో పసిపిల్లకి కూడా తెలుసు. మిషను బాగుచేసేటప్పుడు తగిలిస్తారు. తగిలించినవాడు తప్ప ఇంకెవడూ తీయకూడదు. ప్రాణాలు కాపాడే నియమమది. దాన్ని నాటకాల స్టేజీకి కూడా వర్తింపజేసిన ఘనత మాత్రం మా సమితిదే.

"మమ్మీ, తాలా కౌన్ ఖోలేగా?" అంది సోనీ.

తాళం ఎవరు తీస్తారన్న ఈ ప్రశ్న హిందీలో ఉంది కాబట్టి మినిట్స్‌లో చేర్చలేదు.

ఇక విచారణ పూర్తికావాలంటే అవతలివాళ్ల సంజాయిషీ కావాలి కదా. సమీపంలోని పెద్ద గెలాక్సీకి షోకాజ్ నోటీసు జారీచేశాం. హాల్లోని ఫోకస్ లైటుని మేడ మీదికి మోసుకెళ్లి ఆకాశానికి గురిపెట్టి, వెలిగిస్తూ ఆర్పుతూ నోటీసులోని మూడు పేరాలూ పంపాం. ప్రతులు సంబంధిత కృష్ణబిలానికి, ఫైలుకి. జవాబు ఎప్పుడొస్తుందని ఇంద్రజకి ఫోన్ చేశాను. "పోవడానికి పాతిక లక్షల ఏళ్లు, రావడానికి పాతిక లక్షల ఏళ్లు," అంది. తాళం సంగతి నా నోట విని, "స్టేజీ తాళం తీయమని చెప్పండి అంకుల్, మా అమ్మ ఆ స్టేజీ మీదే నాటకాలేసేది," అంది. మొదటి సగం సంఘానికి నివేదించాను. సభ్యులు ఓపిక పట్టాలని తీర్మానం జరిగింది.

నెలాఖరు ముందు ఆదివారం కల్యాణి వాళ్లు మాంగోలో ఆ డాబా మీదే నాటకం ఆడేశారు. పర్యవేక్షణ నిమిత్తం నేను ఆటోలో వెళ్లాను. మెట్ల మీద కూడా జనం. చూస్తే విచారణ సంఘం సభ్యులందరూ ఎవరికి వారే పర్యవేక్షణకి వచ్చి, ఒకరికొకరు కనబడకుండా ఆరేసిన దుప్పట్ల వెనక నిలబడి ఉన్నారు. సోనీ పెళ్లికొడుకు బామ్మ వేషం వేసింది. చేతికర్ర ఊపుతూ, "ఓలమ్మో, పెల్లికొడుకు వంతెన మీదే ముసిలోడైపోతన్నాడు, ఎవలైనా దారివ్వండర్రా!" అని అరిచింది. డాబా అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఇంత వెలుగు మా హాల్లో ఎన్నడూ చూడలేదు.

ఈ సంగతి కూడా మినిట్స్‌లో లేదు.

ఠేకా అయిపోయింది. పైడిబాబుకి రూర్కెలాలో పని దొరికింది. కల్యాణి వెళ్లేముందు హాలుకి వచ్చి, "ఎల్లొత్తాం బాబూ," అంది. ఆ మాట వెంట ఒక్క నిష్ఠూరం కూడా లేదు, ఉంటే బాగుండును. సోనీ ఎర్ర ట్యాగు దగ్గర నిలబడి నావైపు చూసింది.

"తాళం ఎప్పుడు తీత్తారు?" అంది.

శుద్ధమైన తెలుగు. నేను మినిట్స్ పుస్తకం తెరిచి, మళ్లీ మూసేశాను.

వాళ్లు వెళ్లిన మరుసటి ఆదివారమే విచారణ ముగిసింది. కేంద్రంలో గాని, అంచుల్లో గాని, అనుమతి లేని ఉత్పత్తి ఎక్కడా జరగడం లేదని రుజువైనందున, ఇక ప్రమాదమేమీ లేదని అధ్యక్షులు శాస్త్రోక్తంగా కొబ్బరికాయ కొట్టి, తన ట్యాగు తానే తీశారు. స్టేజీ ఇప్పుడు ఎవరికైనా ఇస్తాం. అడిగేవాళ్లు లేరు. మాంగో డాబా మీద దుప్పట్లు ఆరుతున్నాయి.

సమితి పేరు మాత్రం మారుమోగుతోంది. మా వార్షిక సంచికలో నాటకాల రంగుల ఫొటోలు చూసి ఊరూరి తెలుగు సంఘాలు అభినందనలు పంపుతున్నాయి. ఫొటోలు పాతవని వాళ్లకి తెలియదు. ఆరిపోయిన నక్షత్రం వెలుగు కూడా చాలాకాలం వరకు వస్తూనే ఉంటుందని ఇంద్రజ ఆ రోజే చెప్పింది, మేం టిఫిను వైపు చూస్తూ వినలేదు.

మీ ఊళ్లోని సంఘం కూడా దేదీప్యమానంగా వెలుగుతోందని విన్నాం. చాలా సంతోషం. ఆ వెలుగు ఎప్పుడు బయల్దేరిందో ఒకసారి కనుక్కోండి. పనిలో పనిగా, స్టేజీ తలుపు మీది ట్యాగులో ఉన్నది మీ పేరేమో కూడా చూసుకోండి.