మేనత్త మీద వాయుపీడనం

ఆ ఉదయం బుడగ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారగానే బెలూన్ వదలాలి. ఆఫీసరు రాగానే వచ్చే గురువారానికి సెలవు అడగాలి. తర్వాత ఇంటికెళ్ళి హాయిగా పడుకోవాలి.

బుడగ అతని అసలు పేరు కాదు. పైన గాలి ఎటు వీస్తోందో చూడటానికి రోజూ పొద్దున్నే తెల్లటి పెద్ద బెలూన్‌ను ఆకాశంలోకి వదలడం వాతావరణ కేంద్రంలో అతని పని. అందుకే తోటివాళ్ళు పెట్టిన పేరది. ఆ కేంద్రం ఊరి చివర గడ్డి మైదానంలో ఉండేది. బయట నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ చెక్కపెట్టెలో థర్మామీటర్లు, పక్కన వాన కొలిచే పాత్ర, లోపల పొడుగాటి బల్ల, జలుబు చేసినట్టు ఉండుండి తుమ్ముతూ పై ఆఫీసు కబుర్లు అచ్చుకొట్టే టెలిప్రింటర్. రేపటి వాన సంగతి జేబులోని ఫోన్ చెప్పే కాలం కాదది. ఆడవాళ్ళకు రాబోయే నెలసరి తేదీని ఫోన్ గుర్తుచేసే కాలం అసలే కాదు. రెండింటినీ మనుషులే కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది.

బుడగ రెండింటినీ కనిపెట్టుకుని ఉండేవాడు.

పెళ్ళయిన కొత్తలో ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి భార్య వంటింటి గుమ్మంలో ముడుచుకుని కూర్చుని ఉంది. స్టవ్ మీద టీ మరిగి మరిగి ఇగిరిపోతోంది. నాలుగడుగులు వేసి దాన్ని ఆపే ఓపిక లేక అలా చూస్తూ ఉంది. నెలసరి మొదటి రోజు ఆమెకు ఎప్పుడూ అంతేనట. నడుం నుంచి మోకాళ్ళ దాకా ఎవరో తడిబట్టను పిండినట్టు పిండేస్తుందట. మాడిన గిన్నె తోముతూనే బుడగ ఒక నిర్ణయానికొచ్చాడు. ఇక మీదట ఆ రోజు తను ఇంట్లోనే ఉండాలి.

చిక్కల్లా సెలవుతోనే. ఎవరికి ఎప్పుడు డ్యూటీ అన్నది వారం ముందే గోడకెక్కేది. కాబట్టి సెలవూ వారం ముందే అడగాలి. అంటే నెలసరి ఎప్పుడొస్తుందో అంతకు ముందే తెలియాలి.

"కిందటిసారి కుట్టుమిషను బెల్టు తెగిన మర్నాడు కదండీ?" అనేది ఆమె.

"కాదే, నేను బూట్లు కొన్న రోజు. కరుస్తున్నాయని నేను మూలుగుతుంటే, నీదీ ఒక నొప్పేనా అన్నావు."

ఆ లెక్కకు అతను సొంత పరిశీలన జోడించేవాడు. తను ఏమన్నా ఆమెకు తప్పుగా వినిపిస్తోందంటే ఇంకో వారం. అలమరాలన్నీ ఖాళీ చేసి మళ్ళీ సర్దిందంటే నాలుగు రోజులు. రేడియోలో నాటిక విని ఏడిస్తే రెండు రోజులు. సబ్బు ప్రకటన విని కూడా ఏడ్చిందంటే రేపే. వాన విషయంలో ఆఫీసు మాట సగంసార్లు తప్పేది కాని, ఇంట్లో అతని సూచన ఒక రోజు అటూ ఇటూగా నిలబడేది.

భార్య ఒకే ఒక్క షరతు పెట్టింది. "సెలవెందుకని అడిగితే నా సంగతి ఎత్తారో, మళ్ళీ మీ ఆఫీసు వాళ్ళ మొహం చూడలేను. ఇది ఈ నాలుగు గోడలూ దాటకూడదు."

అందుకని బుడగ ఒక మేనత్తను పుట్టించాడు. ముసలావిడ, తమ దగ్గరే ఉంటోంది, కీళ్ళనొప్పులు. ఎనిమిది నెలలుగా ఆవిడ నెలనెలా మూలుగుతూ అతనికి సెలవు ఇప్పిస్తూనే ఉంది. ఆ ఉదయం కూడా బుడగ ఆవిణ్ణే తలుచుకుని ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"సార్, వచ్చే గురువారం సెలవు కావాలి. మా మేనత్తకి..."

ఆఫీసరు తలెత్తి నవ్వాడు. ఆయన నవ్వగా ఆ కేంద్రంలో ఎవరూ చూసి ఉండరు. "గురువారమా? నేను బుధవారం అనుకున్నానే!"

ఆఫీసరు సొరుగులోంచి గళ్ళ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. దాని మీద ఎర్ర సిరాతో ఒక గీత కొండలెక్కి దిగుతూ పోతోంది.

"నీ సెలవులన్నీ గుర్తుపెట్టాను. మీ మేనత్త నొప్పులకి ఒక క్రమం ఉందోయ్!"

"ముసలావిడ కద్సార్. అప్పుడప్పుడూ అలా..."

"అప్పుడప్పుడూ కాదు! నేను చెప్పేది అదేగా!" ఆఫీసరు గొంతు తగ్గించాడు. "నెలకోసారి మన ఊరి మీదుగా ఒక పీడన తరంగం పోతోంది. మన బారోమీటరుకి అందనంత సన్నది. మీ మేనత్త మోకాళ్ళకి అందుతోంది."

ఆయన మంచివాడు. జీవితంలో ఒక్క విషయమైనా కొత్తగా కనిపెట్టాలని ఆశ. వానల మీద రాసి పంపిన వ్యాసాలన్నీ పై ఆఫీసు నుంచి భద్రంగా తిరిగొచ్చేవి. ఇన్నాళ్ళకు ఆయనకు ఒక మేనత్త దొరికింది.

"పైవాళ్ళకి ముందే తెలియజేశాను, బుధవారం నొప్పి వస్తుందని. ఆ రోజు బారోమీటరు పట్టుకుని మీ ఇంటికొస్తున్నా. మా ఆవిడ కూడా చూడ్డానికి వస్తానంది."

ఇంటికెళ్ళిన బుడగకు నిద్ర పట్టలేదు. సంగతంతా విని భార్య నడుం మీద చేతులు పెట్టుకుంది.

"మేనత్త చచ్చిపోయిందని చెప్పండి."

"చచ్చిపోతే ఆఫీసంతా కదిలొస్తుంది, పూలదండతో."

"ఊరెళ్ళిందనండి."

"అన్నా. ఏ ఊరో చెప్పు, అక్కడి కేంద్రానికి కబురు పెడతానన్నాడు."

"అయినా బుధవారమేంటి? నాకు గురువారం కదా!"

"నేనూ అదే అన్నా. ఆయన గ్రాఫు బుధవారం అంటోంది."

"నా గురించి ఆయన గ్రాఫుకేం తెలుసు?"

"నీ గురించి కాదే. మేనత్త గురించి."

కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేలక ఆమె వెళ్ళి అలమరా ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

ఇక మిగిలింది మేడమీద ఇంటి యజమానురాలు. డెబ్బై దాటినా మెట్లు రెండేసి చొప్పున ఎక్కే మనిషి. బుడగ నసుగుతూ ఆవిణ్ణి ఒక్క గంట మేనత్తగా ఉండమని అడిగాడు.

"సెలవు కోసం అబద్ధమాడావా? దానికింత సిగ్గెందుకు అబ్బాయ్! మా ఆయన సర్వీసంతా మా నాన్నని చంపుతూనే ఉన్నాడు. పాపం, మా నాన్నకే తెలీదు. ఇంతకీ నాకేం జబ్బు?"

"కీళ్ళనొప్పులు పిన్నిగారూ."

"మరీ అంత మామూలువా? గుండె కూడా పెట్టుకోనా?"

"వద్దండీ. కీళ్ళు చాలు."

బుధవారం తెల్లవారుతుండగా మంచం పట్టె గట్టిగా పట్టుకుని భార్య అతన్ని లేపింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"ఏవండీ... మీ ఆఫీసరే గెలిచాడు."

ఆఫీసరు బారోమీటరు పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వచ్చాడు. వెనకాల ఆయన భార్య, చేతిలో నారింజపళ్ళ సంచీ. ముందుగదిలో ఇంటి యజమానురాలు రెండు దుప్పట్లు కప్పుకుని, వీధిలోకి వినిపించేలా మూలుగుతోంది. అసలు నొప్పి వంటింట్లో చప్పుడు లేకుండా ఉంది.

"ఎలా ఉందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"ఏం చెప్పను బాబూ! గాలి... గాలి ఎముకల్లో దూరి ఈల వేస్తోంది!"

"విన్నావా? గాలి అంటోంది! నేననకుండానే గాలి అంటోంది!" ఆఫీసరు జేబులోంచి పెన్ను తీశాడు. "కిందటిసారి ఎప్పుడొచ్చిందమ్మా?"

"రోజూ వస్తుంది బాబూ."

బుడగ దగ్గాడు.

"అంటే... రోజూ వస్తుందేమోనని భయం," అని సర్దుకుంది ఆవిడ.

అప్పుడే మేడమీద అద్దం భళ్ళున పగిలింది. వీధిలో పిల్లలు బంతాడుతున్నారు. "ఎవడ్రా అది!" అంటూ మేనత్త దుప్పట్లు విసిరేసి లేచి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కి మాయమైంది.

ఆఫీసరు ఖాళీ మంచాన్ని చూశాడు. బారోమీటరును చూశాడు. "పీడనం కొంచెం కూడా మారలేదే," అన్నాడు అయోమయంగా.

ఈ సందట్లో ఆయన భార్య నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ గోడకు జారగిలబడి, పొట్ట మీద వేడినీళ్ళ సంచీ అదుముకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. పక్కన సగం చెక్కు తీసిన బంగాళాదుంపలు.

"ఎన్నో రోజమ్మా?"

"మొదటి రోజేనండీ."

"ఈ నీళ్ళు ఎవరు కాచిచ్చారు?"

"ఆయనే."

"వంట?"

"అదీ ఆయనే."

"ప్రతి నెలా ఇలా సెలవు పెట్టేనా?"

ఆ పిల్ల తల వంచుకుంది. ఆఫీసరు భార్య మెల్లగా ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. కత్తి అందుకుని మిగిలిన దుంపల చెక్కు తీసింది.

"నాకు ఆగిపోయి రెండేళ్ళవుతోందమ్మా," అంది చివరికి. "మా ఆయనకి వస్తున్నట్టూ తెలీదు, ఆగినట్టూ తెలీదు."

అప్పుడు ఆ పిల్ల వేడినీళ్ళ సంచీని కొంచెం పక్కకు జరిపి, ఏం చేయాలో తెలియక ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఆవిడ బయటికొచ్చి, "పదండి ఇంటికి," అంది.

"ఇంకో గంట రీడింగు తీసుకుని..."

"పదండి."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆఫీసరు బారోమీటరు కూడా మరిచిపోయి నడిచాడు.

మర్నాడు ఆఫీసరు బుడగను పిలిచి తలుపు వేశాడు. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాడు బుడగ. దారిలోనే క్షమాపణ వల్లెవేసుకున్నాడు.

"మా ఆవిడ చెప్పింది."

"సార్, తప్పు నాది. మా ఆవిడని మాత్రం..."

"నేను వాయుపీడనం అనుకున్నానోయ్." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "రాత్రి మా ఆవిడ ఒక్కటే అడిగింది. ఊళ్ళో వాళ్ళ మేనత్తకి గ్రాఫు గీశారే, నాకెప్పుడైనా ఒక్క గీత గీశారా అని."

అంతలో బయట టెలిప్రింటర్ తుమ్మింది. పై ఆఫీసు అడుగుతోంది: మీరు ముందుగా తెలిపిన సూచన నిజమైందా?

ఆఫీసరు అబద్ధమాడే మనిషి కాదు. బుధవారం నొప్పి వచ్చిన మాట మాత్రం నిజమే. తనే స్వయంగా వెళ్ళి కొట్టాడు: నిజమైంది.

వారం తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. పరిశోధన చాలా విలువైనది. ఏడాదిపాటు కొనసాగించాలి. నొప్పి వచ్చే రోజున పరిశీలకుడు రోగి ఇంట్లోనే ఉండి వాయుపీడనం నమోదు చేయాలి. ఆ రోజును సెలవుగా కాక డ్యూటీగా లెక్కించాలి.

"ఇప్పుడు నిజం రాస్తే అది పైదాకా పోతుంది. మీ ఆవిడ తలెత్తుకోలేదు," అన్నాడు ఆఫీసరు కాగితం అతని చేతిలో పెడుతూ. "ఆర్డరు పాటించడమే మంచిది."

విన్న భార్య నోరు వెళ్ళబెట్టింది. "నాలుగు గోడలు దాటొద్దన్నానుగా! టెలిప్రింటరెక్కించారు."

"నీ పేరు లేదే."

"నొప్పి నాది, పేరు మేనత్తది," అని ఆమె మూతి తిప్పింది. ఆ వెంటనే ఆపుకోలేక, నడుం పట్టుకునేంతగా నవ్వింది.

ఆ ఏడాది వాళ్ళిద్దరి బతుకులో మెత్తటి ఏడాది. నెలనెలా ఆ రోజున కిటికీ పక్కన బారోమీటరు ఉండేది. మంచం మీద ఆమె, కాళ్ళ దగ్గర అతను. గంటకోసారి అతను లేచి ముల్లు చూసి రాసుకునేవాడు. వచ్చేటప్పుడు సంచీలో నీళ్ళు మార్చి తెచ్చేవాడు. "ఎంత ఉంది?" అనేది ఆమె కళ్ళు మూసుకునే. "తగ్గుతోంది," అనేవాడు. ఎవరూ దేని గురించో అడిగేవారు కాదు. మధ్యాహ్నం ఆఫీసరు ఇంటినుంచి టిఫిన్ క్యారియర్ వచ్చేది. ఒక్కోసారి అందులో కూర మాడి ఉండేది. మాడిన రోజున అది ఆఫీసరే వండినదని వాళ్ళకు తెలిసేది.

ఏడాది చివర ఆఫీసరు నివేదిక పంపాడు. వాయుపీడనానికీ నొప్పికీ సంబంధం కనబడలేదని, పరిశీలకుడు మాత్రం ఒక్క రోజూ తప్పకుండా విధుల్లో ఉన్నాడని రాశాడు. పై ఆఫీసు పరిశీలకుణ్ణి మెచ్చుకుంటూ జవాబిచ్చింది. పరిశీలన జరిగిన చోటు అతని ఇల్లే కాబట్టి, ప్రయాణ భత్యం మాత్రం మంజూరు చేయలేదు.