మసక చూపు ఎవరిది?

కంటి ఆసుపత్రి రెండో అంతస్తులో కూర్చునే మన కోడయ్య ఉద్యోగం చెప్పడం తేలికే, అర్థం కావడమే కష్టం. డాక్టర్లు రాసిన జబ్బు పేరు చూసి, బీమా కంపెనీ కోసం దానికో కోడ్ వేయాలి. చివర ఒకటి వేస్తే కుడికన్ను, రెండైతే ఎడమకన్ను, మూడైతే రెండూ. ఆ పనితోనే ఆ పేరు వచ్చింది. అత్తగారు మాత్రం అల్లుడిది కోళ్ల ఫారంలో ఉద్యోగమని ఇప్పటికీ నమ్ముతోంది.

ఓ రోజు కంప్యూటర్ తెర మీద ఒకటీ ఏడూ కవల పిల్లల్లా కనిపించాయి. కళ్లు నులుముకున్నాడు. కవలలు అలాగే ఉన్నారు.

మామూలు మనిషైతే చూపు మసకేసిందనుకుని ఊరుకునేవాడు. ఏళ్ల తరబడి కంటిజబ్బులకు కోడ్‌లు వేసినవాడికి ఆ అదృష్టం లేదు. మధ్యాహ్నానికి అతని ఊహలో నీటికాసులు, అదే గ్లాకోమా, వచ్చేశాయి. సాయంత్రానికి రెటీనా ఊడింది. ఇంటికెళ్లే బస్సులో ఉద్యోగమూ ఊడింది.

భార్యకు చెబితే హడలిపోతుంది. ఆసుపత్రిలో చెబితే, అంకెలు కనపడనివాణ్ణి ఆ కుర్చీలో ఉంచుతారా? బాగా ఆలోచించి, మర్నాడు డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"మా ఆవిడకి చూపు మసగ్గా ఉందండీ. అంకెలు అలుక్కుపోతున్నాయట."

"ఏ కంటికి?"

"చివర మూడండీ."

"తలనొప్పి ఉందా?"

"ఉందండీ, ఇక్కడ," అంటూ తన కణతలు నొక్కుకున్నాడు.

డాక్టరమ్మ ఓసారి ఎగాదిగా చూసి, అతను వద్దనేలోపే ఇంటికి ఫోన్ చేసింది.

ఇంట్లో కుట్టుమిషన్ దగ్గర కోడయ్య భార్య అప్పుడే సూదిలో దారం ఎక్కించింది, మొదటిసారికే. తన చూపు మసకబారిందని ఫోన్‌లో విని సూదివైపు ఓసారి చూసింది.

"అవునండీ, వస్తున్నా," అంది.

ఆసుపత్రి వరండాలో మొగుణ్ణి పట్టుకుంది. "నాకు కంటిజబ్బట. ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున," నోరు జారాడు కోడయ్య.

"నాకొచ్చినప్పుడు నాకో మాట చెప్పాలిగా."

"కంగారుపడతావని."

"నేను బాగానే ఉన్నా. కంగారంతా మీ మొహంలోనే ఉంది."

లోపల డాక్టరమ్మ సన్నటి అక్షరాల కార్డు ఇవ్వబోతే ఆవిడ తీసుకోలేదు. "నాకు బెరుకండీ. ముందు ఈయన్ని చదవమనండి, చూసి నేర్చుకుంటా."

కోడయ్య కార్డు పట్టుకున్నాడు. కాస్త దూరం జరిపాడు. ఇంకాస్త జరిపాడు. చెయ్యి అయిపోయింది గానీ అక్షరాలు తేలలేదు.

"ఇంకో మూరెడు చెయ్యి ఉంటే బాగుండేది," అంది ఆవిడ.

అతను కార్డు దించేశాడు. "జబ్బు నాకేనండీ. చూపు పోతుందా?"

డాక్టరమ్మ లైటు వేసి చూసింది, కంటి ఒత్తిడి కొలిచింది.

"నీటికాసులు లేవు. రెటీనా ఉన్నచోటే ఉంది. నలభై దాటాయిగా, చత్వారం. అద్దాలు పెట్టుకుంటే చాలు. రోజూ ఎంతమందికి వేస్తారు ఆ కోడ్?"

"బోలెడుమందికి వేస్తానండీ," అన్నాడు కోడయ్య తలొంచుకుని. "అది అవతలివాళ్లకే వస్తుందనుకున్నా."

మెట్లు దిగుతూ భార్యను అడిగాడు. "నీకు కొంచెం కూడా భయమెయ్యలేదా?"

ఆవిడ చీర కుచ్చిళ్లు కాస్త పైకెత్తి ఇంకో మెట్టు దిగింది. ఆమె పాదాల వైపు చూశాడు. ఒక కాలికి తన చెప్పు, రెండో కాలికి ఇంట్లో వదిలేసిన అతని పాత చెప్పు.

"దూరపువి బానే కనబడుతున్నాయిగా," అంది ఆవిడ. "ఇక చూసింది చాలు, ఆటో పిలవండి."