పార్సిల్లో వచ్చిన చిన్ మాస్టారు

ఆ రెండో శనివారం ఉదయం ప్రద్యుమ్న వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి పలాస స్టేషన్‌కి వెళ్లాలి. విశాఖ ప్యాసింజర్లో వచ్చే పార్సిలు దింపుకోవాలి. దాన్ని ఆటో మీద కట్టించి గవ్వలపేటలో తవిటయ్య వలల పాకలో దాచాలి. భోజనాల వేళకి ఏమీ ఎరగనట్టు టెక్కలి చేరి కంచం ముందు కూర్చోవాలి. ఇంతే. ఇంత చిన్న పనికి రెండు డప్పులు, ఒక ట్రాక్టరు, ఒక జీపు, ఒక చావు కబురు అవసరమవుతాయని ఆయన కలలో కూడా అనుకోలేదు.

రెండువేల ఒకటో సంవత్సరం నాటి మాట ఇది. ప్రద్యుమ్న ఒక మండల విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తా. తాతముత్తాతలు అర్చకులు. తండ్రి నోట వేదం, కొడుకు గోడ మీద కుంగ్‌ఫూ. పన్నెండో ఏట పలాసలో నేల టిక్కెట్టు కొని చూసిన హాంకాంగ్ డబ్బింగు సినిమా ఆయన బుర్రలోంచి ఇంతవరకూ దిగలేదు. అందులో హీరో చిన్ మాస్టర్. ఒక్క చూపుడువేలితో ఇటుక గోడ కూల్చేవాడు. కూల్చేముందు ఆ గోడకి వంగి దణ్ణం పెట్టేవాడు. ఆ మర్యాదకే ప్రద్యుమ్న పడిపోయాడు. పోస్టర్లు, సినిమాహాలు అద్దాల పెట్టెల్లో పెట్టే ఫొటోలు, చిరిగిన టిక్కెట్టు ముక్కలు, అన్నీ కలిపి రెండు ట్రంకు పెట్టెలు నిండాయి. ఈ పిచ్చిని అర్థం చేసుకునేవాడు జిల్లాలో ఒక్కడే ఉన్నాడు. ఆనాడు నేల మీద పక్కన కూర్చుని ఈల వేసిన గవ్వలపేట తవిటయ్య. ఇప్పుడు సముద్రం మీద వేట చేసుకుంటున్నాడు.

ఇంట్లో పరిస్థితి ఏమీ బాగోలేదు. కిందటి నెల ఒక పోస్టరుకి చోటు దొరక్క ప్రద్యుమ్న దాన్ని పూజగదిలో పటాల వెనక నిలబెట్టాడు. అది కాస్తా ముందుకి వచ్చింది. చూపు మందగించిన తండ్రిగారు మూడు రోజులు చిన్ మాస్టర్‌కి అష్టోత్తరం చదివి, కొబ్బరికాయ కొట్టి, "ఈమధ్య స్వామి ముఖంలో కళ మారిందిరా" అన్నారు. నాలుగో రోజు ప్రద్యుమ్న భార్య నాగసుధ కంట పడింది.

"ఇంకొక్క కాగితం ముక్క ఈ గడప దాటి లోపలికొస్తే, మొత్తం కట్టకట్టి జీడిపిక్కల బట్టీలో వేయించేస్తాను. ఆ తర్వాత మీరు ఏడ్చినా లాభం లేదు!"

నాగసుధ అన్నదంటే చేస్తుంది. సరిగ్గా అప్పుడే విశాఖపట్నం నుంచి కబురొచ్చింది. అక్కడ ఒక పాత సినిమాహాలు మూసేస్తున్నారట. మేడ మీద చిన్ మాస్టర్ చెక్క కటౌటు, ఆరడుగులది, వేలు చూపిస్తూ నవ్వుతూ నిలబడి ఉందట. ఎవరూ తీసుకోకపోతే ముక్కలు చేసి వంటచెరుకు కింద అమ్మేస్తారట. ప్రద్యుమ్నకి రెండు రోజులు ముద్ద దిగలేదు. మూడో రోజు మనియార్డరు చేసి ఊపిరి పీల్చుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచే గవ్వలపేటకి ఫోను చేశాడు. ఆ ఊళ్లో ఫోను ఒక్కటే, నీలమ్మ కిరాణా కొట్లో.

"నీలమ్మా, నేను ఎడ్యుకేషన్ ఆఫీసు నుంచి ప్రద్యుమ్నని. తవిటయ్య ఉన్నాడా?"

"వేటకెల్నాడు బావూ. రేపు మద్దేనం గానీ రాడు. ఏటి సెప్పమంతావు?"

"రేపు పొద్దున్న ప్యాసింజర్లో చిన్ మాస్టారు వస్తున్నారని చెప్పు."

"సిన మాస్టారా!" నీలమ్మ గొంతు కీచుమంది. "నిజింగా? మా సిన మాస్టారే?"

"మన చిన్ మాస్టారే. లోకంలో ఇంకెవరున్నారు?"

ఇక్కడే వచ్చింది చిక్కు. ఉద్దానంలో, అంటే ఆ తీరపు ఊళ్లలో, చకారం నాలుక మీద నిలవదు, సకారమైపోతుంది. చెప్పు సెప్పవుతుంది, చేప సేపవుతుంది. తవిటయ్య కూడా పద్దెనిమిదేళ్లుగా సిన్ మాస్టారనే అంటున్నాడు కాబట్టి ప్రద్యుమ్నకి అనుమానం రాలేదు. కానీ గవ్వలపేట బడికి ఒకప్పుడు ఇద్దరు పంతుళ్లుండేవారు. పెద మాస్టారు రిటైరయ్యారు. సిన మాస్టారు, అంటే సీతారాం మాస్టారు, డిప్యుటేషనని వెళ్లి ఏడాదిన్నర అయింది, మళ్లీ జాడ లేదు. బడికి తాళం. పిల్లలు ఇసుకలో గోళీలాడుకుంటున్నారు. ఊరు పెట్టిన అర్జీలు పదకొండు. పన్నెండోదానికి కాగితం కొనాలా వద్దా అని ఆలోచిస్తుండగా సాక్షాత్తూ ఆఫీసు నుంచే ఫోనొస్తే ఏమనుకుంటారు మరి?

శనివారం పలాస స్టేషన్లో ప్రద్యుమ్న అడుగు పెట్టేసరికి ప్లాట్‌ఫారం మీద గవ్వలపేట సగం ఉంది. డప్పులు, బంతిపూల దండలు, హారతి పళ్లెం, అరటాకులో చుట్టిన పెద్ద వంజరం చేప. అందరి ముందూ నీలమ్మ.

"ఇంతమందీ చిన్ మాస్టారి కోసమేనా?" అన్నాడు ప్రద్యుమ్న నమ్మలేక.

"మరెవుల కోసం బావూ? ఏడాదిన్నరై కళ్లు కాయలు కాసీనాయి!"

ప్రద్యుమ్న కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్లూ నేనూ తవిటయ్యా ఇద్దరమే అనుకున్నాం, ఎంత మూర్ఖులం అనుకున్నాడు.

"ఏ పెట్లో వత్తన్నారు?" అంది నీలమ్మ.

"పార్సిలు పెట్టెలో."

"అయ్యో రాత! సీటు దొరకనేదేటి?"

"సీట్లో ఎలా కుదురుతుంది నీలమ్మా? పడుకోబెట్టే తేవాలి. నిలబెడితే మెడ దగ్గర విరిగిపోతుంది. అందుకే గోనె చుట్టి, తాళ్లతో గట్టిగా కట్టించాను."

డప్పు ఆగింది. నీలమ్మ హారతి పళ్లెం పక్కావిడ చేతికిచ్చింది. "ఎప్పుడు జరిగినాది బావూ?"

బేరం గురించి అడుగుతోందనుకున్నాడు ప్రద్యుమ్న. "పది రోజులైంది. విశాఖపట్నంలో, థియేటర్లోనే. ఆలస్యం చేస్తే ముక్కలు చేసేస్తామన్నారు. నేనే అడ్డుపడి ఉన్నదున్నట్టు తెప్పించాను."

పట్నంలో థియేటర్ అంటే ఉద్దానం వాళ్లకి సినిమా గుర్తుకు రాదు, ఆస్పత్రిలో ఆపరేషన్ గదే గుర్తుకొస్తుంది. ఆ థియేటర్ లోపలికి వెళ్లినవాడు బయటికొస్తే మొక్కులు తీర్చుకునే ఊళ్లవి. అదే నిమిషాన ప్యాసింజరు వచ్చి ఆగడం, పార్సిలు పెట్టెలోంచి గోనెలో చుట్టిన నిలువెత్తు శాల్తీని నలుగురు కూలీలు భుజాన దింపడం జరిగిపోయాయి.

"ఓలమ్మో! సిన మాస్టారూ! ఎలాగెల్నావు, ఎలాగొచ్చినావు నాయినా!" అని నీలమ్మ ఏడుపు ఎత్తుకుంది. వెనక నలభై గొంతులు అందుకున్నాయి. ఒక ముసలమ్మ పొడుగు చూసి, "ఐదడుగుల మనిసి, పట్నం తిండికి ఎంత పొడుగైపోనాడో!" అని గుండెలు బాదుకుంది. బంతిపూల దండలన్నీ గోనె మీద పడ్డాయి. ఇది అభిమానమనే అనుకుని ప్రద్యుమ్న కూడా బావురుమన్నాడు.

"ఆకరి సూపు సూడనీ బావూ," అంది నీలమ్మ.

ప్రద్యుమ్న తాళ్లు కోసి గోనె లాగాడు. ముందు ఒక వేలు వచ్చింది. తర్వాత నవ్వు ముఖం. తర్వాత నడుము దాకా ఎత్తిన కాలు. ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

"ఈడెవుడు?"

"చిన్ మాస్టారు!"

నీలమ్మకి విషయం బోధపడ్డానికి ఒక నిమిషం, బోధపడ్డాక ప్రద్యుమ్న చొక్కా పట్టుకోడానికి అర నిమిషం పట్టింది.

"మా మనవడు అ ఆలు మర్సిపోనాడు. బడికి మాస్టారొత్తన్నాడంటే డప్పులట్టుకొచ్చినాం. సెక్కబొమ్మ దింపుతావా? సూడు బావూ, ఆపీసోడివి నువ్వు మాటిచ్చినావు. మాస్టారొచ్చీదాకా ఈ బొమ్మ మా కాడే ఉంతాది. పొద్దుగూకేలోగా రాకపోతే పొయ్యిలో ఎట్టి ఈ వంజరమే దాని మీద వొండుకుంతాం!"

వంటచెరుకు కాకుండా కాపాడి తెచ్చుకున్న బొమ్మ మళ్లీ పొయ్యి దగ్గరికే వచ్చింది. ట్రాక్టరు మీద చిన్ మాస్టర్, ఆయన కాళ్ల దగ్గర ప్రద్యుమ్న, చుట్టూ ఊరు. అలా బయల్దేరారు.

ఈలోగా, గోనె విప్పకముందే స్టేషన్ బయట కదిలిన టెక్కలి బస్సులో కబురు కూడా ఎక్కింది. కాశీబుగ్గలో అది, "గవ్వలపేట సిన మాస్టారి శవం పార్సిల్లో వచ్చింది, ఆఫీసు గుమాస్తా దింపుకున్నాడు." నందిగాం దాటేసరికి, "మాస్టారి శవం, గుమాస్తా శవం పార్సిల్లో వచ్చాయి." టెక్కలి బస్టాండులో దిగిన కబురు సగం నాగసుధ ఇంటికీ, సగం విద్యాశాఖాధికారి నరహరిగారింటికీ వెళ్లింది.

నరహరిగారికి చెమటలు పట్టడానికి కారణం ఉంది. చనిపోయాడన్న సీతారాం మాస్టారు ఆ సమయంలో ఆయన వరండాలోనే కూర్చుని ఆయన పిల్లలిద్దరికీ పదమూడో ఎక్కం అప్పజెప్పించుకుంటున్నాడు. ఏడాదిన్నరగా డిప్యుటేషనంటే అదే మరి. ఇప్పుడీ చావు గురించి పేపరు వాళ్లు తవ్వితే బయటపడేది శవం కాదు, తన సంగతి. "లేవయ్యా, వెంటనే నువ్వు బతికున్నావని చూపించాలి!" అని మాస్టార్ని జీపులో కుక్కాడు. వీధి మలుపులో జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొస్తున్న నాగసుధ ఆపకుండానే ఎక్కింది.

గవ్వలపేట బడి అరుగు మీద చిన్ మాస్టర్‌ని గోడకి చేరేశారు. ఎదురుగా మూడు రాళ్ల పొయ్యి సిద్ధమైంది. అప్పుడే తీరానికి వచ్చిన తవిటయ్య తడిబట్టలతో పరిగెత్తుకొచ్చి, "సిన్ మాస్టారూ! మా ఊరొచ్చినావా సామీ!" అని కటౌటు కాళ్లు చుట్టేసుకున్నాడు.

"ఈడూ ఇందులో ఉన్నాడు! ఈడినీ పట్టండి!" అంది నీలమ్మ.

పట్టుకునేలోపల జీపు వచ్చి ఆగింది. నరహరిగారు సీతారాం మాస్టార్ని రెక్కపట్టి దింపి, పదిమందికీ వినబడేలా అరిచాడు.

"ఎవడయ్యా చచ్చాడన్నది? ఇదిగో మీ చిన్న మాస్టారు! నిక్షేపంలా ఉన్నాడు. రికార్డుల ప్రకారం ఇవాళ్టికీ ఈ బడి మాస్టారే!"

 రెండు డప్పులూ ఒక్కసారి మోగాయి. మాస్టారు భుజాల మీదికి లేచాడు. పిల్లలు గోళీలు పారేసి పరిగెత్తుకొచ్చారు. నీలమ్మ మనవడు పలక కోసం ఇంటికి ఉరికాడు. "బతికొచ్చినావా నాయినా! పొడుగు కూడా తగ్గిపోనావు!" అని ముసలమ్మ మెటికలు విరిచింది.

"ఈ బడి మాస్టారేనంటన్నారు గదా," అంది నీలమ్మ తాపీగా. "మరి ఏడాదిన్నరై మాకు అవుపడనేదేటి బావూ?"

నరహరిగారు జీపు వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు. "అదీ... డిప్యుటేషను... ఆర్డరు కావాలి, దానికో పద్ధతుంది..."

అప్పుడు ప్రద్యుమ్న లేచాడు. పదకొండేళ్ల సర్వీసులో ఆ అధికారి ముందు కుర్చీలో కూడా సరిగ్గా ఆనుకుని కూర్చుని ఎరగని మనిషి. ఒకసారి చిన్ మాస్టర్ వేలి వంక చూశాడు. వెళ్లి నరహరిగారికి నడుము వంచి నమస్కారం పెట్టాడు. తర్వాత చూపుడువేలు ఎత్తాడు.

"ఆర్డర్లు రాసేది నేనే కదండీ. ఇక్కడే రాస్తాను. మీరు సంతకం పెట్టండి. సోమవారం స్టాంపు వేస్తాను."

నీలమ్మ కొట్లోంచి తెల్లకాగితం వచ్చింది. డిప్యుటేషన్ రద్దు మూడు వాక్యాల్లో తయారైంది. బల్ల లేకపోతే తవిటయ్య కటౌటుని తిప్పి వీపు చూపించాడు. చిన్ మాస్టర్ వీపు మీద కాగితం పెట్టి, మూడు వందల మంది చూస్తుండగా, నరహరిగారు సంతకం చేశాడు. గోడ కూలింది. సీతారాం మాస్టారు, "పదమూడో ఎక్కం మీ పిల్లలకి ఇంకా రాలేదండి, చూసుకోండి" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

ఇంతసేపూ నాగసుధ జీపు పక్కనే నిలబడి మొగుణ్ణి చూస్తోంది. ఇప్పుడొచ్చి ముందు భుజం మీద రెండు చరిచింది, తర్వాత అదే భుజం మీద పడి ఏడ్చింది, తర్వాత తలెత్తింది.

"ఇదేనా పార్సిలు?"

"ఇదే సుధా," అన్నాడు ప్రద్యుమ్న. బట్టీ కళ్లముందు కనబడింది.

"అమ్మా, కోప్పడకు," అంది నీలమ్మ. "ఈ బొమ్మ కాళ్లెట్టిన ఏళ మా గుంటలకి మాస్టారొచ్చినాడు. ఇది మాకిచ్చీ. బడిలో ఎట్టుకుంతాం."

"ఇదొక్కటే ఎందుకమ్మా?" అంది నాగసుధ. "ఇంట్లో ఇంకా రెండు ట్రంకు పెట్టెల చుట్టాలున్నారు. ట్రాక్టరు పంపండి."

అలా గవ్వలపేట బడిలో ఖాళీగా ఉన్న రెండో గదికి నాలుగు గోడలా చిన్ మాస్టర్ వచ్చాడు. తాళంచెవి తవిటయ్య మొలతాడుకి వేలాడుతుంది. ప్రతి ఆదివారం ప్రద్యుమ్న టిఫిన్ క్యారేజీతో వస్తాడు, క్యారేజీ కట్టేది నాగసుధే. ఇంటి పూజగదిలో మళ్లీ దేవుళ్లే ఉన్నారు. స్వామి ముఖంలో కళ తగ్గిందని తండ్రిగారు అప్పుడప్పుడు అంటుంటారు.

కటౌటు మాత్రం మొదటి గదిలో, నల్లబల్ల పక్కన, పిల్లల మీదికి వేలు చూపిస్తూ నిలబడింది. పొడుగు చూసి పిల్లలు దానికి పెద మాస్టారని పేరు పెట్టారు. సిన మాస్టారు ఇప్పటికీ అప్పుడప్పుడు సెలవు పెడుతుంటాడు గానీ, పెద మాస్టారు ఇంతవరకూ ఒక్కపూట కూడా బడి మానలేదు.